బ్యాటరీకి మేలైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏది?

తుఫాను దినములలో కరెంటు పోయినచో కొల్లేటి ప్రాంతపు విద్యార్థికి ల్యాప్‌టాప్ బ్యాటరీయే ఆధారము. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున, పాత యంత్రములకు లుబుంటు వంటి తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పలువురు సూచించుచున్నారు. అది మెమరీని తక్కువగా వాడును. అయితే మెమరీ పొదుపు వేరు, విద్యుత్తు పొదుపు వేరు.

విద్యుత్తును అధికముగా గ్రహించునవి తెర, ప్రాసెసరు, వైఫై. పనిలేనప్పుడు ప్రాసెసరును నిద్రపుచ్చు వ్యవస్థయే బ్యాటరీని కాపాడును. 40 వాట్-అవర్ బ్యాటరీ 10 వాట్ల వాడుకకు 4 గంటలు, 8 వాట్లకు 5 గంటలు వచ్చును.

కావున విద్యార్థులారా! ఒక్కొక్క లినక్సును పెన్‌డ్రైవ్ నుండి నడిపి, ఒకే వెలుగులో, ఒకే పనిలో, పవర్‌టాప్‌తో వాట్లను కొలిచి ఎన్నుకొనుడు. దోనె తేలికయైనను గడ వేయు నేర్పు లేనిదే ఒడ్డు చేరదు.