ఇంటి నడుమ గోడ : ఒక తమిళ చిత్రము, మన ఉమ్మడి కుటుంబము

1959 దీపావళికి విడుదలైన ‘భాగప్పిరివినై’ అను తమిళ చిత్రము ఒక ఇంటి నడుమ లేచిన గోడ కథ. ఆ కథ తరువాత ఇతర భాషలలోనికి వెళ్ళినది. 1961లో తెలుగున ‘కలసివుంటే కలదు సుఖం’, 1964లో కన్నడమున ‘మురియద మనె’, 1965లో హిందీలో ‘ఖాందాన్’ వెలువడినవి. ఈ పేర్లను గమనింపవలెను. తమిళ నామమునకు ఆస్తి పంపకమని అర్థము. కన్నడ నామమునకు విరగని ఇల్లని అర్థము. ఉర్దూ విభాగపు మిత్రులకు ‘ఖాందాన్’ అను మాటకు వివరణ అక్కరలేదు. తమిళులు రోగమునకు పేరు పెట్టినారు. తెలుగువారు సామెతను తెచ్చి మందుకు పేరు పెట్టినారు. రోగమును దాచి మందును ముందుంచుట మన అలవాటు కాబోలు!

తమిళ, హిందీ చిత్రములు రెంటికిని దర్శకుడు ఎ. భీంసింగ్. ఆయన కృష్ణన్–పంజుల వద్ద పనిచేసి, ఎడిటింగ్ నేర్చి దర్శకుడైనవాడు. ‘పాసమలర్’, ‘పావమన్నిప్పు’, ‘పాలుం పళముం’ మొదలుగా ‘ప’కారముతో మొదలగు కుటుంబ చిత్రములను వరుసగా తీసినాడు. తమిళ లిపిలో ప, బ, భలకు ఒకే అక్షరము కనుక ‘భాగప్పిరివినై’యు ఆ వరుసలోనిదే. తెలుగు చిత్రమును సారథీ సంస్థకు తాపీ చాణక్య తీసినాడు. ఈయన తాపీ ధర్మారావుగారి కుమారుడు; ‘రోజులు మారాయి’ దర్శకుడు.

కథ క్లుప్తముగా ఇది. అన్నదమ్ములు ఇద్దరు ఒకే ఇంట ఉందురు. అన్నకు సంతానము లేదు. తమ్మునికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చిన్ననాట గాలిపటము కొరకు పోయి విద్యుత్తు తగిలి ఒక చెయ్యి, కాలు పడిపోయినవాడు. తమిళమున శివాజీ గణేశన్, తెలుగున ఎన్.టి. రామారావు, హిందీలో సునీల్ దత్ ఆ పాత్రను ధరించినారు. సునీల్ దత్‌కు దానికై ఫిల్మ్‌ఫేర్ బహుమతి లభించినది. అన్న భార్య మేనల్లుడు విదేశమునుండి దిగి, ఉన్న చిచ్చును రాజవేయును. తమిళములో వాడు సింగపూరునుండి వచ్చినవాడు; తెలుగులో రేలంగి ‘రంగూన్ రాజా’గా కనబడును. ఈ మార్పు చిన్నదే కాని తెలివైనది. ఆంధ్ర తీరమునుండి తరతరములుగా వలసపోయిన ఊరు రంగూనే కదా! ఇల్లు చీలును, గోడ లేచును. తుదకు మరల విద్యుత్తు తగిలి నాయకుని చెయ్యి, కాలు స్వాధీనమగును, కుటుంబము కలియును. ఈ ముగింపును ఏ వైద్యుడును అంగీకరింపడు. నాటకము కోరినది కనుక ప్రేక్షకుడు అంగీకరించినాడు.

మనము నిలిచి ఆలోచింపవలసినది ఆ పెద్దకోడలి పాత్రను గూర్చి. తెలుగున సూర్యకాంతముగారు ధరించుటతో ఆమె గయ్యాళి అని మనము ముందే తీర్పు చెప్పి కూర్చుందుము. కాని ఆమె సంతానము లేని స్త్రీ. పుట్టుకతో మగపిల్లలకే హక్కు వచ్చు ఇంట ఆమె నిలుచు చోటు ఏది? 1937 చట్టమునకు పూర్వము ఉమ్మడి కుటుంబములో విధవకు మనోవర్తి తప్ప భాగము లేదు. ఆ చట్టము పరిమితమైన హక్కు నిచ్చినది. సంపూర్ణ హక్కు 1956లో గాని రాలేదు. చిత్రము వచ్చుసరికి చట్టము మారినదే గాని భయము మారలేదు. ఆమె కలహము వెనుక ఈ భయమున్నదని చిత్రము ఒక్క మాటైనను చెప్పదు. అది ఈ చిత్రమునకు లోపమనియే మేము తలంతుము. ముస్లిం ధర్మశాస్త్రములో పుట్టుకతో వచ్చు ఉమ్మడి హక్కు లేదు. యజమాని మరణానంతరమే వారసత్వము. కుమార్తెకు కుమారుని హిస్సాలో సగము నిర్ణీతము. కనుక ఒకే తరగతిలో కూర్చుండు మన విద్యార్థులు ఈ ఒక్క కథను రెండు లెక్కలతో చూడగలరు.

‘కలసివుంటే కలదు సుఖం’లో అన్నదమ్ముల ఐక్యమునకై కన్నీరు పెట్టించిన రామారావుగారే ముఖ్యమంత్రియై, నాటి ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన భాగము నిచ్చు సవరణను తెచ్చినారు. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. దేశమంతటికి అట్టి సవరణ 2005లో వచ్చినది.

ఇక మన సిద్దిపేట జిల్లా తొగుట మండలపు వేములఘాట్‌కు వత్తము. మల్లన్నసాగర్ జలాశయము క్రింద పోయిన గ్రామములలో ఇది ఒకటి. 2016లో మొదలైన రిలే నిరాహారదీక్షలు అచట ఏండ్ల తరబడి సాగినవి. 2021లో ఊరు ఖాళీ అయి, జనము గజ్వేల్ ప్రక్కన ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి తరలినది. 2022 ఫిబ్రవరి 23న యాబది టి.ఎం.సి.ల ఆ జలాశయము ప్రారంభమైనది. మన భాషలో ‘పాలివాడు’ అనగా పాలు, అనగా వాటా, గలవాడు. అట్టి పాలివాండ్లు ఒకే వాకిలి చుట్టు బ్రతికిన ఊళ్ళలో గోడలు, వాకిళ్ళు, హద్దులు అన్నియు ఒక్కసారిగా పోయినవి.

2013 భూసేకరణ చట్టము పునరావాసమును కుటుంబమునకు ఇంత అని లెక్కగట్టును. కుటుంబమన్న మాటకు అది చెప్పిన అర్థము మన సామెతకు ఎదురు: భార్యాభర్తలు, వారి మైనరు పిల్లలు, వారిపై ఆధారపడిన మైనరు తోబుట్టువులు ఒక కుటుంబము; యుక్తవయసు వచ్చిన ప్రతి వ్యక్తి, ఆడ గాని మగ గాని, పెండ్లి అయినను కాకున్నను, వేరొక కుటుంబము. కనుక పద్దెనిమిదేండ్లు ఏ తేదీకి నిండినవన్నది ఇంటింటి ప్రశ్న కాక తప్పదు. గోడ కట్టనక్కరలేదు, పుట్టినతేదీయే గోడ. అయినను ఆ గోడ అవతల ఇంటి ఆడపిల్లకు కూడ సొంతముగా ఒక లెక్క ఉన్నది. సూర్యకాంతముగారి ఇంట అది లేదు.

విద్యార్థులు ఈ చట్టమును ఆ తెరమీది ఇంటికి అన్వయించి చూడవచ్చును. పెద్దన్న దంపతులు ఒకటి, తమ్ముడు దంపతులు రెండు, అవిటి కొడుకు, కోడలు, పసిబిడ్డ మూడు, చిన్నకొడుకు దంపతులు నాలుగు. గోడ లేచినను లేవకున్నను నాలుగు కుటుంబములే. రంగూన్ రాజాను లెక్కలో చేర్చవలెనా అన్నది అధికారులతో వేరే తగాదా.