నడకా, బరువులా? రెండూ కావాలి

వైద్య సాయం కోసం కామారెడ్డి, ఎల్లారెడ్డిల నుంచి మా వద్దకు వచ్చేవారిలో షుగరు, బీపీ ఉన్నవారిని తరచూ చూస్తున్నాం. అందుకే ఈసారి వ్యాయామం గురించి దాతలతో నాలుగు మాటలు.

వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం ఏరోబిక్ వ్యాయామాలు. ఇందులో కండరాలు ఆక్సిజన్ సాయంతో చక్కెరను, కొవ్వును ఖర్చు చేస్తాయి. గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. బరువులెత్తడం, వంద మీటర్ల పరుగు అనరోబిక్. ఆక్సిజన్ చాలినంత అందేలోపే కండరం చక్కెరను విడగొట్టి శక్తి తీసుకుంటుంది. అందుకే త్వరగా అలసిపోతాం. కానీ కండ పెరుగుతుంది, అది రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది.

మన పక్కనే ఉన్న నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచారు. బౌట్ అంటే మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. మెరుపు దెబ్బకు అనరోబిక్ శక్తి, చివరిదాకా నిలవడానికి ఏరోబిక్ శక్తి కావాలి.

మనకు అంత అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, 2 రోజులు కండరాలకు పని. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే వేగం సరిపోయినట్టే. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు బరువులెత్తే ముందు డాక్టరును అడగాలి.

ఇచ్చే చేయి ఆరోగ్యంగా ఉంటేనే అందుకునే చేతికి ఆసరా.