తూకం ముల్లు చెప్పని సంగతి

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో పీఈటీగా పనిచేసి దిగిపోయాను. కాలేజీ మెట్లెక్కే పిల్లలకు కొన్ని మాటలు.

1. తూకం ముల్లును నమ్మినవాడు నెలకే ఉరుకుడు మానేస్తాడు.

తెల్లారకముందే మైదానం చుట్టూ తిరిగి, నెల గడిచాక మిషన్ ఎక్కి, "కిలో కూడా తగ్గలే సార్" అని మొహం వేలాడేసినవాళ్లు ఎందరో. చాలామంది మళ్లీ రాలేదు. ఉరికే ఒంట్లో ఓ పక్క కొవ్వు కరుగుతుంటే, ఇంకో పక్క కండరాలు తమ ఇంధనాన్నీ దాంతోపాటు నీళ్లనూ నిలవ చేసుకుంటాయి, రక్తమూ పెరుగుతుంది. అందుకే ముల్లు కదలదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు మాత్రం బరువు తగ్గకపోయినా ఉరుకుడుకు తగ్గుతుంది. అది నడుము దగ్గర తెలుస్తుంది. మన దేశంలో పెద్దవాళ్లకు డాక్టర్లు గీసిన గీత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. కొలవడానికి దర్జీ టేపు చాలు.

2. బక్కపలచని ఒంట్లోనూ కొవ్వు దాక్కుంటుంది.

డ్రిల్లు పీరియడ్‌లో లావు పిల్లలను ఉరికించి, బక్కపిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టేవాళ్లం. ఆ కూర్చోబెట్టడమే ఇప్పటికీ బాధిస్తుంది. పుణె వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఒళ్లనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2. యుడ్కిన్ మారథాన్లు ఉరుకుతాడు. యాజ్నిక్ వ్యాయామమల్లా పొద్దున ఆస్పత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు ఉరకడమేనని అందులోనే చమత్కరించారు. తల్లి కడుపులో అందిన పోషణ కూడా ఓ కారణమే అనుకోండి. అయినా మైదానం బక్కవాళ్లకూ కావాలి.

3. నోటిఫికేషన్ కోసం ఉరికినవాడు దాంతోనే ఆగిపోతాడు.

2022 తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలన్నారు. ఇలాంటి ప్రకటన వస్తే మైదానాలు కోడికూతకే నిండుతాయి. ఫలితాలొచ్చాక అక్కడ గొర్లు మేస్తాయి. ఉరుకుడు ఆపిన కొన్ని వారాలకే దమ్ము తగ్గుతుంది; తిండి అలాగే ఉంటే కొవ్వు తిరిగొస్తుంది. ఉరుకుడు పోయిన చోట కూర్చోవడమే మిగులుతుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) దగ్గర పొద్దంతా నిలబడే తండ్రుల కొడుకులు ఫోను ముందు పొద్దంతా కూర్చుంటున్నారు. 5 నుంచి 17 ఏళ్ల వరకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఆపైన వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

4. ఉరుకుడు కొవ్వు తీస్తుంది గానీ కండ కట్టదు.

వారంలో రెండు రోజులు దండీలు, బైఠక్‌లు తీయాలి. కంచంలో అన్నం కాస్త తగ్గి పప్పు, గుడ్డు పెరగాలి.

5. ఆడపిల్లలకు మైదానాన్ని దూరం చేసింది పెద్దవాళ్లమే.

కోరుట్లలో ఎనిమిది, తొమ్మిది తరగతులకొచ్చేసరికి వాళ్లు ఒక్కొక్కరే రావడం మానేస్తుంటే ఎందుకని అడగలేదు. అడిగి ఉండాల్సింది. తల్లులు బీడీల చాట ముందు పొద్దంతా కూర్చునే ఇళ్లలో బిడ్డలూ కూర్చునే పెరిగారు. అమ్మలారా, అయ్యలారా, మీ బిడ్డ పొద్దున్నే ఉరుకుతానంటే వద్దనకండి. భయమైతే మీరూ వెంట నడవండి.