అమెరికా అద్దె ఇంట్లో మీ సామానుకు బీమా తీసుకోవడం ఎలా?

అమెరికాలో అపార్ట్‌మెంట్ తాళాలు ఇచ్చే ముందు రెంటర్స్ ఇన్సూరెన్స్ చూపించమనడం చాలాచోట్ల మామూలే. కొత్తగా వెళ్లిన మనవాళ్లు అన్నిటికన్నా చవకది కొని, ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి మరచిపోతుంటారు. లీజులో ఆ షరతు పెట్టేది ఓనరు తన భద్రత కోసం. ఆయన బీమా భవనానికే వర్తిస్తుంది. లోపలున్న మీ వస్తువుల సంగతి మీరే చూసుకోవాలి.

1. సామాను లెక్క వేయండి
బీరువాలు, వంటింటి అరలు తెరిచి ఫోన్‌లో వీడియో తీయండి. ల్యాప్‌టాప్, టీవీ సీరియల్ నంబర్లు, బిల్లులు ఈమెయిల్‌లో దాచండి. గ్రైండరు, పట్టుచీరలతో సహా అన్నీ ఇవాళ కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో కూడండి. కనీసం అంత మొత్తానికి పర్సనల్ ప్రాపర్టీ కవరేజీ తీసుకోండి.

2. లయబిలిటీ ఎంతో లీజులో చూడండి
చాలా లీజులు 1,00,000 డాలర్ల కవరేజీ అడుగుతాయి. పొయ్యి మీద నూనె అంటుకుని మంటలు పక్కింటికి పాకితే ఆదుకునేది ఇదే. బీమా చూపించనివారిని కొన్ని కాంప్లెక్సులు నెలనెలా ఫీజు వేసి తమ పథకంలో చేర్చుకుంటాయి. సాధారణంగా దాని కింద మీ సామానుకు పైసా రాదు.

3. డబ్బు ఏ లెక్కన ఇస్తారో అడగండి
‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ అంటే తరుగు తీసేసి ఇస్తారు. ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ అంటే అలాంటి కొత్త వస్తువు ధర లెక్కగడతారు. రెండింటిలోనూ డిడక్టిబుల్, అంటే నష్టంలో మొదట మీ వాటాగా పోయే మొత్తం, మీరే భరించాలి. 1,000 డాలర్ల ల్యాప్‌టాప్ పాతబడి 400కు దిగిందనుకుందాం. డిడక్టిబుల్ 500 అయితే మొదటి పద్ధతిలో ఏమీ రాదు, రెండో పద్ధతిలో 500 వస్తుంది. ప్రీమియం కాస్త ఎక్కువైనా రెండోదే మేలు.

4. బంగారాన్ని విడిగా రాయించండి
మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నగలు దొంగతనానికి గురైతే చాలా పాలసీలు అన్నిటికీ కలిపి 1,500 డాలర్ల దగ్గరే ఆపేస్తాయి. పెళ్లినాటి హారం, గాజులు ఇంట్లో ఉంటే విలువ కట్టించి, ఒక్కొక్కటీ పాలసీలో ‘షెడ్యూల్’ చేయించండి. లేదా బ్యాంకు లాకర్‌లో పెట్టండి.

5. ఎవరికి వర్తిస్తుందో చూసుకోండి
కలిసి ఉండే భార్యాభర్తలకు ఒక పాలసీ చాలు. రూమ్మేట్లకు అలా కాదు. పాలసీలో పేరు లేనివారి సామానుకు పరిహారం రాదు కాబట్టి ఎవరిది వారు తీసుకోవడం మంచిది.

6. వరద, భూకంపం వేరు
పైపు హఠాత్తుగా పగిలి సామాను తడిస్తే మామూలు పాలసీ చాలు. వరద నీళ్లొస్తే చాలదు. ప్రభుత్వ వరద బీమా పథకంలో అద్దెదారులు 1,00,000 డాలర్ల వరకు సామానుకు కవరేజీ కొనుక్కోవచ్చు. సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి తుపాను వార్త విన్నాక కొంటే లాభం లేదు. కాలిఫోర్నియాలో ఉంటే భూకంప బీమా గురించీ అడగండి.

7. నష్టం జరిగితే
దొంగతనమైతే వెంటనే పోలీసు రిపోర్టు తీసుకుని కంపెనీకి చెప్పండి. కారులోంచి ల్యాప్‌టాప్ పోయినా క్లెయిమ్ చేయాల్సింది ఇక్కడే, కారు బీమాలో కాదు. అగ్నిప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే హోటల్ బిల్లులు దాచండి. ‘లాస్ ఆఫ్ యూజ్’ కింద అదనపు ఖర్చు రాబట్టుకోవచ్చు.

ఇల్లు మారితే పాలసీలో చిరునామా మార్పించండి. ఏటా రెన్యువల్ నాడు వీడియో మళ్లీ తీయండి.