తమ్ముడు పుట్టిన తరువాత

రోగము పేరులోనే దాని సాంఘిక కారణము ఇమిడియుండుట అరుదు. పశ్చిమాఫ్రికాలో నేడు ఘానా యనబడు దేశమున గా భాష మాటలాడు తల్లులు, మరియొక బిడ్డ పుట్టగా చనుబాలకు దూరమైన పసివానికి వచ్చు జబ్బును క్వాషియోర్కర్ అనెడివారు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో దాని లక్షణములను వర్ణించి, 1935లో ఆ పేరునే వైద్యలోకమునకు తెలియజేసెను.

కాళ్లు, ముఖము వాచును. జుట్టు రంగు మారును. చర్మము పొరలుగా ఊడును. బిడ్డ ఆటపాటలు మానును. ఆ వాపును చూచి ఒళ్లు చేసినాడని మురియరాదు సుమా!

అక్కడి పసివానికి దొరకినది మొక్కజొన్న గంజి. కావున మాంసకృత్తుల లోపమే మూలమని పలువురు చాలకాలము తలచిరి. మన దేశమున కూనూరునందును, ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలిన పిమ్మట అచటను పనిచేసిన డాక్టరు సి. గోపాలన్ వేరొక మాట చెప్పెను. పేదపిల్లలు తిను అన్నము, పప్పులనే చాలినంత పెట్టినచో మాంసకృత్తులును చాలవరకు సమకూరును. ముందుగా కొరవడినది కడుపునిండ తిండియే.

అదియేల కొరవడును? పసివాని పొట్ట చిన్నది. దినమునకు నాలుగైదు మార్లు తినిపింపవలెను. కూలికి పోయిన తల్లి సాయంకాలమునకు గాని రాదు. చెడునీటివలన విరేచనములు పట్టినచో తిన్నదియు ఒంటబట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 వంతు వయసునకు తగిన ఎత్తు లేనివారని తేలినది.

తల్లి ఇంటలేని వేళ ఆ బిడ్డకు గంజి పోయునది తరచుగా అక్కయే. అందుకై ఆమె బడి మానును. పనిచోటు చెంత శిశుగృహము లేనిచో ఒకే ఇంట ఇరువురు పిల్లలు నష్టపోవుదురు.