పేము కుర్చీలు

పల్నాటి సీమలో భోజనమునకును కుర్చీకిని పూర్వము సంబంధము లేదు. నేలపై చాప పఱచి, లేదా పీట వేసి, విస్తరిముందు బాసిపట్టు వేసికొని కూర్చుండి తినుటయే ఆచారము. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందఱిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని చెప్పుదురు. ఆ భోజనమునకే చాపకూడని పేరు. కారెంపూడిలో ఏటేట జరుగు పల్నాటి వీరుల తిరునాళ్లలో నేటికిని చాపకూడు పెట్టుచున్నారు. ‘కుర్చీ’ యను మాట సయితము మనది కాదు; అరబ్బీ భాషనుండి ఉర్దూ మీదుగా తెలుగున ప్రవేశించినది. ఇరువదవ శతాబ్దములో నరసరావుపేట, గురజాల వంటి ఊళ్లలో ప్లీడర్లు, ఉద్యోగులు, కలిగిన రైతులు టేకు కఱ్ఱతో భోజనపు బల్లలను, వాని చుట్టు నాలుగో ఆఱో కుర్చీలను చేయించుకొనిరి. ఆ కుర్చీలలో పెక్కింటికి కూర్చుండు చోట పలక యుండదు. పేము బద్దలతో నల్లిన జల్లెడవంటి అల్లిక యుండును.

అట్టి కుర్చీలు ఆఱు గల యొక యింటిని తలచుకొనుడు. తాతగారి నాడు చేయించినవి. కాళ్లు, వీపులు నేటికిని చెక్కు చెదరలేదు. అల్లికలు మాత్రము ఒకదాని వెనుక నొకటి తెగినవి. మొదట ముందంచున ఒక బద్ద తెగును. దాని బరువు ప్రక్క బద్దలపై పడును, అవియు తెగును. కొన్నాళ్లకు నడుమ గుంట పడును. ఆ గుంటపై ఒక చెక్కముక్క వేయుదురు. ఆ పిమ్మట ఆ కుర్చీ ఇంటిలో అందఱికన్న తేలికయైన పిల్లవాని పాలగును. ఏ కుర్చీ చిరిగినదో ఇంటివారికి తెలియును గాని వచ్చిన చుట్టమునకు తెలియదు. ఆయన ఏ కుర్చీ లాగుకొనునో యని ఇల్లాలు ప్రతి పండుగకును గుండె చేతబట్టుకొని చూచుచుండును.

ఇట్టి స్థితిలో చాలమంది రెండు మార్గములలో నొకటి త్రొక్కుదురు. పాత సామానుల వర్తకునకు కుర్చీలను వచ్చిన వెలకు ఇచ్చివేసి ప్లాస్టిక్ కుర్చీలు కొనుట యొకటి. చట్టముపై పలక దిగగొట్టి, దానిపై స్పాంజి పఱచి, రెక్సిను కప్పుట రెండవది. రెండవది చూచుటకు చక్కగనే యుండును. కాని బెజ్జముల వరుసగల అంచులో మేకులు దిగగొట్టినచో కఱ్ఱ ఆ వరుస వెంటనే చీలును. ఒకసారి చీలిన అంచు మఱల అల్లికను పట్టజాలదు. మొదటి పని చేసినవాడు కుర్చీని మాత్రమే పోగొట్టుకొనును. రెండవ పని చేసినవాడు దానిని బాగుచేయు ఉపాయమును గూడ పోగొట్టుకొనును.

ఇచట గ్రహింపవలసిన దొకటి కలదు. ఈ కుర్చీ చేసిన వడ్రంగి అల్లిక కలకాలము నిలుచునని తలపలేదు. కఱ్ఱ మూడు తరములుండును, అల్లిక కొన్నేండ్లుండును, తెగినప్పుడు విప్పి మఱల అల్లవచ్చునని యెఱిగియే అంచున బెజ్జములు వేసెను. మన నులకమంచము సంగతియు నిట్టిదే. నులక తెగినదని పట్టెలను, కోళ్లను పొయిలో పెట్టువా రెవరును లేరు గదా!

పేము వెదురు కాదు. వెదురు లోపల బోలుగా నుండును. పేము గట్టిగా నుండును. ఇది తాడి, ఈత చెట్ల కుటుంబమునకు చెందినదేయైనను తనంత తాను నిలువలేదు. ముండ్ల సాయమున పెద్ద చెట్లను పట్టుకొని ప్రాకును. కొన్ని జాతుల తీగలు నూరు మీటర్లకు మించి పెరుగును. అస్సాము, అండమాను దీవులు, పడమటి కనుమలు దీనికి నెలవులు; ప్రపంచమున మిక్కిలిగా లభించునది ఇండోనేషియాలో. తీగ పైపొరను సన్నని బద్దలుగా చీల్చి కుర్చీల కల్లుదురు. ఒకప్పుడు బడిపంతులు చేతనున్న బెత్తమును, ఆయన క్రిందనున్న కుర్చీ యల్లికయు ఈ జాతి తీగనుండి వచ్చినవే. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను దండించుటను నిషేధించెను గనుక చేతిలోని బెత్తము పోయినది; కుర్చీలోనిది నిలిచినది.

గాలి యాడు ఈ యల్లిక ఉక్కదేశములకు తగినది. పదునేడవ శతాబ్దమున కోరమాండల్ తీరమున ఐరోపావారికొఱకు నల్లని ఎబొనీ కఱ్ఱతో, పేము అల్లికతో చేసిన కుర్చీలు నేటికిని విదేశములలోని ప్రదర్శనశాలలలో నున్నవి. ఆ శతాబ్దపు ఉత్తరార్ధముననే ఈస్టిండియా కంపెనీ వ్యాపారమువలన పేము కుర్చీ లండను నగరమున వాడుకలోనికి వచ్చెను. 1859లో మైకేల్ థోనెట్ అనునాతడు ఆవిరిచే వంచిన కఱ్ఱతో ఆఱే ముక్కలుగల కుర్చీని చేసెను. ముక్కలు విప్పినచో ఒక ఘనమీటరు పెట్టెలో ముప్పదియాఱు కుర్చీలు పట్టెడివట. అంత పొదుపుగా ఆలోచించినవాడును కూర్చుండు చోటికి పేము అల్లికనే ఎన్నుకొనెను.

ఇక పని తీరు. అల్లికకు ముందు కీళ్లను చూడవలెను. పల్నాటి యిండ్లలో నేల నాపరాయి. పాత పఱపులలో ఎగుడుదిగుడు లుండును. అట్టి నేలపై ఒక కాలు ఆనక కుర్చీ ఊగుచుండును. ఊగగా ఊగగా కుసి బెజ్జములో వదులగును. పాత కుర్చీలలో వాడినది తోళ్లనుండి, ఎముకలనుండి కాచిన జిగురు గనుక వేడినీటి గుడ్డ పెట్టినచో కఱ్ఱ విఱుగకుండ కీలు ఊడివచ్చును. పాత జిగురును గీచి, క్రొత్తది పూసి, త్రాటితో బిగించి ఒక దినము కదల్పరాదు. వదులు చట్టమునకు అల్లిక వేసినచో ఆ వెచ్చము నీళ్లలో పోసినట్లే.

తరువాత పాత బద్దలను కత్తిరించి, ప్రతి బెజ్జమును శుభ్రము చేయవలెను. సాధారణముగా అంగుళమునకు రెండు బెజ్జము లుండును. క్రొత్త బద్దలను ఇరువది నిమిషములు నీళ్లలో నానవేసి, నునుపైన ముఖము పైకుండునట్లు అల్లుదురు. అల్లిక ఆఱు వరుసలు. మొదటిది వెనుకనుండి ముందునకు నిలువుగా. రెండవది దానిపై అడ్డముగా. మూడవది మఱల నిలువుగా, మొదటిదాని ప్రక్కన, రెంటికిని పైగా. ఈ మూడింటిలో అల్లుట లేదు, పఱచుటయే. నాలుగవదానితో అసలు పని మొదలగును. అది అడ్డముగా పోవుచు మొదటి నిలువు బద్ద క్రిందుగా, మూడవ వరుస బద్ద మీదుగా దూరవలెను. ఐదవది ఐమూలగా, అడ్డు జంటల మీదుగా, నిలువు జంటల క్రిందుగా సాగును. ఆఱవది ఎదుటి ఐమూలగా, దీనికి సరిగా విరుద్ధముగా సాగును. అప్పుడు ఎనిమిది మూలల కన్నులు తేలును. ఐమూల వరుసలో ఒక్కచోట పొరబడినను బద్దలు ఒకదానినొకటి ఒరసికొని అచ్చటనే ముందుగా తెగును. తుదకు బెజ్జములను కప్పుచు అంచు వెంట వెడల్పు బద్ద నొకటి కుట్టుదురు. నేర్పరికి ఒక కుర్చీ సుమా రొక దినపు పని.

ఇది కంటికన్న వ్రేలికి లోబడు విద్య. బెజ్జములు సమదూరమున నున్నవి. వరుసలు లెక్కకు వచ్చును. మీదో క్రిందో వ్రేలు చెప్పును. అందుచేత పెక్కు దేశములలో అంధులకు ఈ పని నేర్పిరి. మనదేశమున 1950లో డెహ్రాడూనున నెలకొల్పిన అంధుల శిక్షణాలయములో నేర్పిన వృత్తులలో కుర్చీల అల్లిక యొకటి. ప్రభుత్వ కార్యాలయములలో పేము కుర్చీలున్నంత కాలము ఈ విద్య పలువు రంధులకు కూడు పెట్టినది. ఆ కుర్చీలు పోయి చక్రముల కుర్చీలు వచ్చినకొలది వారి పనియు తఱుగసాగెను. ఇండ్లలోని పాత కుర్చీలు కొంతవఱకైనను ఆ చేతులకు పని చూపును. అల్లికకు వెచ్చించు సొమ్ములో కూలియే హెచ్చు పాలు. ప్లాస్టిక్ కుర్చీకి పెట్టిన సొమ్ము ఊరు దాటిపోవును.

అంచు ఇదివఱకే చీలియున్న కుర్చీకి మాత్రము మెత్త కూర్చుటయే గతి. అదియు మేకులతో చట్టమును పొడువక, విడిచట్ట మొకటి చేయించి దానిపై కూర్చి లోపల దించవలెను. దానికి అడుగున నవారు బిగువుగా లాగి, దానిపై గోనెపట్టా, ఆపైన కొబ్బరిపీచు, పీచు గ్రుచ్చుకొనకుండ దూది, అన్నిటికి పైన ముతకబట్ట. ప్రత్తి పండు పల్నాటిలో దూదికి కొదువ లేదు. దూదేకులవారు ఏకి యిచ్చిన దూది స్పాంజివలె పొడియై రాలదు, అణగినప్పుడు మఱల ఏకించుకొనవచ్చును.

అల్లిన కుర్చీకి మన సీమలో బలమైన శత్రువు ఎండ. రాష్ట్రమున మిక్కుటమైన వేడికి పేరుపడిన రెంటచింతల పల్నాటిలోనిదే. వడగాలికి పేములోని తడి యింకి, బద్ద పెళుసై, కూర్చున్నంతనే పుటుక్కుమనును. కావున వేసవిలో అప్పుడప్పుడు కుర్చీని తలక్రిందులు చేసి, తడిగుడ్డతో అల్లిక అడుగువైపు అద్దవలెను. పైముఖము నునుపు గనుక నీరు పట్టదు; అడుగుముఖము పీల్చుకొనును. తడిసి కొంచెము జాఱిన అల్లిక నీడలో ఆఱి, తిరిగి తప్పెటవలె బిగియును. తడి యాఱువఱకు దానిపై ఎవరిని కూర్చుండనీయరాదు.