ఋతువులు - ప్రమాదములు

'ప్రమాదము' అను పదమును మనము నిత్యము వాడుచునే యున్నాము గాని దాని మూలార్థమును తలచువారు అరుదు. సంస్కృతమున ప్రమాద శబ్దమునకు ఏమరుపాటు, పరాకు అని అర్థము. ఉర్దూలో దీనికి బదులుగా వాడు 'హాదిసా' అను మాట అరబ్బీ నుండి వచ్చినది; దానికి 'సంభవించినది' అనియే అర్థము. ఒక మాట మనిషి పరాకును వ్రేలెత్తి చూపుచున్నది. రెండవది జరిగినదానిని చెప్పి ఊరకున్నది. ఈ రెండు భాషలును చదువుకొను మన విద్యార్థులు రెంటిలో ఏది సరియని అడుగవచ్చును. మా అభిప్రాయమున రెండును చాలవు. ఏలయన, మామిడికాయకు కాలమున్నట్లే చేయి విరుగుటకును, పాము కరచుటకును, గోడ కూలుటకును కాలమున్నది. ఏటేట అదే నెలలో వచ్చుదానిని అనుకోనిదనుట యెట్లు?

గత జూను నెలలో మన విద్యార్థి యొకడు మదీనాగూడ వద్ద, మియాపూరు నుండి చందానగరు వైపు పోవు రహదారిపై, మోటారు సైకిలుతో జారిపడి మోచేయి విరుగగొట్టుకొనెను. నాడు కురిసినది కుంభవృష్టి కాదు. పట్టుమని పది నిమిషములు కురియని తొలి చినుకులు మాత్రమే. "అంత చిన్న వానకా?" అని మేమును ఆశ్చర్యపడితిమి. తరువాత విచారింపగా కారణము తెలిసినది. వేసవి పొడుగునను వాహనముల నుండి కారిన నూనె, చక్రముల రబ్బరు పొడి, భవన నిర్మాణముల దుమ్ము రోడ్డుపై పేరుకొని యుండును. తొలి చినుకులు దానిని కడిగివేయజాలవు. దానితో కలిసి జిడ్డుపొరగా మారును. గంటసేపు గట్టిగా కురిసిన పిమ్మట ఆ రోడ్డే కొంత నయము. కనుక భయపడవలసినది పెద్ద వానకంటె ముందు వచ్చు చిన్న వానకు.

అయినను వానయే ప్రధాన శత్రువని తలచుట పొరపాటు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఏటేట ప్రకటించు నివేదికలను చూచినచో, మన దేశమున రోడ్డు ప్రమాదములలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే జరుగుచున్నట్లు కనబడును. ఏడాదిలో నిర్మలమైన దినములే అధికమనుట దీనికి ఒక కారణము. వానలో భయపడి నెమ్మదిగా నడుపువాడు ఎండలో నిర్భయుడగుట మరియొకటి.

ఎండను గూర్చి మన పెద్దలు చెప్పనిదేమున్నది? రోహిణి కార్తెలో రోళ్ళు పగులునందురు. హైదరాబాదులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు; అది 1966 జూను 2వ తేదీన, అనగా సరిగా రోహిణి కార్తెలోనే. 2015 వేసవిలో దేశమున వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా మరణింపగా, వారిలో అధికులు మన రెండు తెలుగు రాష్ట్రములవారే. కాని వడదెబ్బ లెక్కలోనికి రాని గాయములును కలవు. ఒంటినీరు తగ్గినకొలది దృష్టి చెదరును, చేతిపట్టు సడలును. మన కళాశాల చుట్టును లేచుచున్న అంతస్తులపై పనిచేయు ఒడిశా, బీహారు కూలీలలో ఒకడు మే నెల మధ్యాహ్నమున కాలుజారి పడినచో, దానిని 'పడిపోవుట' అని వ్రాసికొందురే గాని 'ఎండ' అని వ్రాయరు. ఉక్కగా నున్నదని శిరస్త్రాణమును బండి అద్దమునకు తగిలించుకొని పోవు మన విద్యార్థుల సంగతి వేరుగా చెప్పనేల!

ఇచ్చట హిజ్రీ మాసములను గూర్చి ఒక మాట. చాంద్రమాన సంవత్సరము సుమారు 11 దినములు చిన్నదగుటచే రంజాను మాసము దాదాపు 33 ఏండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. 2018లో ఉపవాసములు మే నెల నడుమ మొదలైనవి. ఆ పిమ్మట చలికాలము వైపునకు జరుగుచు వచ్చినవి. ఇఫ్తారు వేళకు ఇల్లు చేరవలెనను తొందర ఏ ఋతువునందైనను ఒకటే. కాని వేసవిలో ఆ తొందరకు దాహము, అలసట తోడగును. చలికాలములో పెందలకడ క్రమ్ముకొను చీకటి తోడగును. ఒక ఖర్జూరమును జేబులో ఉంచుకొన్నవానికి తొందరపడవలసిన పని యేమున్నది?

చలికాలమును గూర్చి చెప్పవలసినది కొంచెమే: వేకువ మంచులో ఆగియున్న లారీలు, సంక్రాంతికి మెడలను కోయు చైనా మాంజా. దానిని జాతీయ హరిత ట్రిబ్యునలు 2017లో నిషేధించినది, అయినను దారములు వ్రేలాడుచునే యున్నవి.

వానాకాలమునకు వత్తము. పాము కాటు మరణములు మన దేశమున జూను నుండి సెప్టెంబరు వరకే అధికము. కలుగులలో నీరు నిండి పాములు వెలికి వచ్చుటయు, అదే సమయమున రైతు పొలములోనికి దిగుటయు ఇందుకు కారణములు. విద్యుత్తు మాటయు ఇట్టిదే. పొడి చర్మము లక్ష ఓముల వరకు నిరోధము చూపగలదు. తడిసినచో అది వేయికి పడిపోవచ్చును. వేసవిలో చురుక్కుమనిపించి వదలిన తీగయే శ్రావణములో ప్రాణము తీయును.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినది. దానిని మన ఉర్దూ పెద్దలు 'తుగ్యానీ సితంబర్' అని నేటికిని తలచుకొందురు. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. అఫ్జల్‌గంజ్ లోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ పిమ్మట పాలకులు విశ్వేశ్వరయ్యను రప్పించిరి. ఆయన సలహాననుసరించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మింపబడినవి. విధివ్రాతయని ఊరకొనక, వాన మరల వచ్చునని తలచినవారు చేసిన పని యది.

నది కంటె గోడ చిన్నది. కావుననే దానిని ఎవరును పట్టించుకొనరు. 2020 అక్టోబరు 13 రాత్రి బండ్లగూడ ప్రాంతమున ప్రహరీగోడ ఇండ్లపై కూలి పసిబిడ్డతో సహా పలువురు మరణించిరి. 2024 మే 7 రాత్రి, వానాకాలము ఇంకను రాకమునుపే, మనకు కొద్ది మైళ్ళ దూరములోని బాచుపల్లిలో గోడ కూలి ఒక బిడ్డతో సహా వలస కూలీల కుటుంబములవారు ఏడుగురు మృతిచెందిరి. గోడ వెనుక మట్టి తడిసి బరువెక్కును. మట్టిలో చిక్కిన నీరు గోడను ముందునకు నెట్టును. గోడలో నీరు కారిపోవుటకు రంధ్రములున్నచో ఆ ఒత్తిడి తగ్గును, లేనిచో ఒకనాటి రాత్రి తీరిపోవును.

మన కళాశాల పడమటి గోడ వెనుక ప్రక్క స్థలమువారు పోసిన మట్టి నిలువెత్తున నున్నది. గోడ అడుగున మేము వెదకితిమి. ఒక్క రంధ్రమును కానరాలేదు. ఆ గోడ నీడనే విద్యార్థులు సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు నిలుపుచున్నారు. ఈ సంచిక కమిటీ పెద్దల చేతికి చేరునప్పటికి మృగశిర కార్తెకు మూడు నెలలైనను ఉండును. రంధ్రములు తొలిపించుటకు ఒక తాపీమేస్త్రీకి రెండు దినములు చాలును.